పెద్దబిడ్డ గుండె

నేను అక్షరాలు నేర్చుకుని మూడేళ్లు కావస్తోంది. ధర్మవరంలో మా వీధి బడిలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెప్పే టీచరమ్మ, ఇక మీ సొంత మాటలు ఏవైనా రాసుకుని రండి అని చెప్పింది. చాలామంది వంటల గురించి రాశారు. నేను ఇది రాస్తున్నాను.

రాయడానికి కారణం పక్క వీధి సుభాషిణి. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. కవలలనీ, ఇద్దరికీ మాయ ఒకటేననీ స్కానింగులో చెప్పారట. పోయిన వారం మా ఇంటికి వచ్చి గడప మీదే కూర్చుంది.

"అక్కా, నీకూ ఇట్లే అయినాదంట గదా. భయపడాల్నా?"

"భయపడాల. భయపడి ఇంట్లో కూసోవద్దు, అంతే" అన్నాను. మిగతాదంతా నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. రాస్తే అవుతోంది.

*2004, అధిక శ్రావణం*

అప్పట్లో నాకు క్యాలెండరు చదవడం రాదు. అమావాస్య, పున్నమి, పండగ, వీటితోనే నా లెక్కలు. అందుకే ఇక్కడా అట్లాగే రాస్తున్నాను.

మా ఆయన పట్టుచీరలు నేస్తాడు. నేను రాట్నం దగ్గర కూర్చుని పట్టుదారం కండెలు చుడతాను. పెళ్లయి చాలా ఏళ్లు కడుపు పండలేదు. పండిన తర్వాత అది పెరిగిన తీరు చూసి వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఐదో నెలకే నిండు చూలాలిలా కనిపించేదాన్ని. మా అత్త ఓబుళమ్మకు అదొక గర్వం. పనీ పాటా లేకపోయినా నన్ను అరుగు మీద కూర్చోబెట్టేది.

"ఏం పెడతాండావు ఓబుళమ్మా కోడలికి?" అని ఎవరైనా అడిగితే, "రాగిసంగటే. మా వంశం పిల్లోళ్లు లావు" అనేది.

నాకు మాత్రం రాట్నం ముందు కూర్చుంటే ఊపిరి ఆడేది కాదు. పడుకుంటే అసలే ఆడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. పొట్ట చర్మం మద్దెల తోలులా బిగుసుకుని మెరిసేది.

పెనుకొండ నుంచి మా అమ్మ చూడటానికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయి, చేతిలో సంచి కింద పెట్టకుండానే, "ఇది సరైన కడుపు కాదు వదినా. హిందూపురంలో చూపిద్దాం" అంది.

"అధిక మాసంలో ఆసుపత్రి మెట్లు ఎక్కేదేంటికి? నిజ శ్రావణం రానీ, చూద్దాం" అంది మా అత్త.

"కడుపుకు మాసం తెలుస్తాదా వదినా?"

ఆ వియ్యపురాళ్లిద్దరికీ ఏ విషయంలోనూ పడదు. అయినా మరుసటి రోజు పొద్దున్నే ప్యాసింజరులో నాకు చెరోపక్కా కూర్చుని హిందూపురం దాకా వచ్చారు.

స్కానింగు సెంటరు చిన్నది. బెంచీలు నిండిపోయి ఆడవాళ్లు మెట్ల మీద కూడా కూర్చున్నారు. అందరి చేతుల్లో నీళ్ల సీసాలు. తాగమన్నారు, బయటికి వెళ్లొద్దన్నారు. కాళ్లు మెలిపెట్టుకుని కూర్చున్న ఒకామె, "ఇంకొంచేపు నన్ను పిలవకుంటే ఈడనే చెరువు తెగుతాది" అంటే బెంచీ బెంచీ నవ్వింది. అమరాపురం నుంచి వచ్చిన ఒక పెద్దామె నా కోసం లేచి చోటిచ్చింది.

"కూసో తల్లీ. నిన్ను చూస్తాంటే నాకు ఆయాసమొస్తాంది" అని, ఒడిలో మూట విప్పి వేయించిన చెనిక్కాయలు చేతిలో పోసింది. ఆమె కోడలు లోపల ఉంది. ఆమె దిగులు ఆమెకుంది. అయినా నా పేరు పిలిచేదాకా నా వీపు రాస్తూనే ఉంది. ఆమె పేరు అడగలేదు నేను.

లోపల చీకటి. పొట్ట మీద చల్లటి జిగురు పూసి డాక్టరమ్మ యంత్రం ఆనించింది. "ఇద్దరమ్మా" అంది.

మా అత్త నా కాళ్ల దగ్గర నుంచే, "ఇద్దరూ మగోళ్లేనా డాక్టరమ్మా?" అంది.

"గోడ మీద బోర్డు చూడలేదా? అది అడిగితే బయటికి పంపించేస్తా."

"మాకు చదువు రాదు తల్లీ. బోర్డు ఏమంటాందో మాకేం తెల్సు."

డాక్టరమ్మ నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు. యంత్రాన్ని ఒకే చోట పెట్టి చాలాసేపు చూసింది. మాట్లాడే మనిషి ఉన్నట్టుండి మాట్లాడకపోతే ఆ గదిలో ఎంత చలేస్తుందో పడుకున్నవాళ్లకే తెలుసు.

చివరికి కుర్చీ నా వైపు తిప్పుకుంది. ఇద్దరికీ మాయ ఒకటే అంది. ఆ మాయలో నరాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒక బిడ్డ నెత్తురు ఇంకో బిడ్డకు పోతోందట. ఒక బిడ్డ బాగా పెద్దది, దాని చుట్టూ ఉమ్మనీరు చెరువులా ఉంది. ఇంకోటి చిన్నది, దానికి నీరే లేదు. మాకు అర్థం కాలేదని చూసి మా అమ్మను అడిగింది, "మీకు చేనుందా?"

"గుత్తకు చేస్తామమ్మా. రెండు మళ్లు."

"ఒకటే కాలువ, రెండు మళ్లు అనుకో. ఒక మడికి నీళ్లు పోతానే ఉన్నాయి, ఇంకోదానికి చాలడం లేదు. మీరంతా ఎండే మడి కోసం దిగులుపడతారు. మునిగే మడి కూడా చచ్చిపోతుంది. నాకు పెద్దబిడ్డ గురించే ఎక్కువ బెంగ. వచ్చే నెత్తురంతా తోడలేక దాని గుండె అలసిపోతుంది. పదిహేను దినాలకు ఒకసారి వచ్చి ఆ గుండె చూపించుకోవాలి."

పదిహేను దినాలంటే పున్నమి నుంచి అమావాస్య. అది నాకు గుర్తుంటుంది అన్నాను.

*నిజ శ్రావణం*

డాక్టరమ్మ అంత విడమరచి చెప్పినా మా ఇంట్లో సగమే విన్నారు. చిన్నబిడ్డకు తిండి చాలడం లేదట అన్నదే వీధంతా తిరిగింది. పొద్దున జున్ను, మధ్యాహ్నం నెయ్యి, సాయంత్రం ఎవరో ఒకరు తెచ్చిన నువ్వుల ఉండ. నేను ముద్ద మింగుతుంటే మా అత్త నా ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి, "తినరా బక్కోడా, నీకే ఇది" అనేది. కుడిపక్కకు తిరిగి, "నువ్వు చాలించు. వాడి కూడు కూడా నువ్వే తింటాండావు" అని గదమాయించేది. నాకు నవ్వొచ్చేది. నవ్వితే ఊపిరి అందేది కాదు.

పెద్దబిడ్డ బాగుందని మా ఆయన కూడా నమ్మాడు. అది బాగా తన్నేది మరి. లావుగా ఉన్న బిడ్డ, తన్నే బిడ్డ, దానికి జబ్బు ఎట్లా వస్తుంది? ఇది చదివే అక్కచెల్లెళ్లకు నేను ముఖ్యంగా చెప్పేది ఇదే. ఒకే మాయ కవలల్లో బక్కబిడ్డను చూసి ఏడుస్తూ, పెద్దబిడ్డను దేవుడికి వదిలేయకండి. రెండు గుండెలూ చూడమని అడగండి.

తర్వాతి స్కానింగులో ఫరవాలేదన్నారు. ఆ తర్వాతిది భాద్రపదం దగ్గర పడ్డాక వచ్చింది. ఆ రోజు డాక్టరమ్మ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే, "బెంగుళూరుకు పోవాలి. పుట్టని పిల్లల గుండెలు మాత్రమే చూసే డాక్టరు అక్కడున్నాడు" అంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. పోగుల మధ్య విసిరే నాడె చేత్తో పట్టుకున్నాడు గానీ వెయ్యలేదు. దాన్ని కింద పెట్టి, "బెంగుళూరులో మనకు ఎవరు తెల్సు?" అన్నాడు.

"ఎవరూ తెలీదు."

"సరే పా. పోయినాంక తెలుస్తారు."

*భాద్రపదం*

ధర్మవరంలో నేనూ మా అత్తా, పని లేని రోజు మా ఆయనా రైలెక్కేవాళ్లం. పెనుకొండ స్టేషనులో మా అమ్మ ఎక్కాలి. బండి ఆగేది కొంచెంసేపే. మా అమ్మకు ఏ పెట్టెలో ఉన్నామో తెలియదు. నేను కిటికీ ఊచల్లోంచి ఎర్ర తువ్వాలు ఊపేదాన్ని. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, నెత్తిన రొట్టెల మూటతో ప్లాట్‌ఫారం పొడవునా ఉరికి వచ్చేది. ఆమె చెయ్యి తలుపు ఊచ మీద పడేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. మా అత్త ఎప్పుడూ ఆమెతో తగువులాడే మనిషి, ఆ ఒక్క నిమిషం మాత్రం తలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ చాపి లోపలికి లాగేది. లాగిన వెంటనే, "ముందుగా వచ్చి నిలబడేదానికేం?" అనేది.

బెంగుళూరు ఆసుపత్రి చాలా పెద్దది. బోర్డులన్నీ మూడు భాషల్లో, ఒక్కటీ నాకు రాదు. ఎరుపు గీత వెంట పోతే గుండె విభాగం వస్తుందని ఎవరో చెప్పారు. నేల చూసుకుంటూ ఆ గీత వెంటే నడిచాం. అక్కడ భాగ్య అనే నర్సు ఉండేది. హిందూపురం దగ్గరి పల్లె పిల్ల. మా అత్త, మా అమ్మ రొట్టెల్లో కారం గురించి కొట్లాడుకోవడం విని, "ఏమవ్వా, మీది యాడ?" అని దగ్గరికొచ్చింది. ఆ రోజు నుంచి డాక్టరు కన్నడంలో చెప్పింది మాకు తెలుగులో చెప్పే పని ఆమె నెత్తినేసుకుంది. అది ఆమె పని కాదు.

గుండె డాక్టరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తెర మీద నీలం, ఎరుపు రంగులు మంటలా ఎగురుతుంటే చూస్తూ ఉండేవాడు. మా ఆయనను కూడా లోపలికి రానిచ్చారు. రెండు గుండెల చప్పుడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు, గుర్రం దౌడు తీసినట్టు. బయటికొచ్చాక మా ఆయన నాతో మెల్లగా, "రెండూ ఒకటే మాదిరి ఇనిపించినాయి నాకు. నీకు?" అన్నాడు. నాకూ అంతే.

డాక్టరుకు మాత్రం అట్లా కనబడలేదు. పెద్దబిడ్డ గుండె గోడ మందంగా అయింది. ఒక కవాటం సరిగా మూసుకోక నెత్తురు వెనక్కి కారుతోంది. చిన్నబిడ్డ గుండె, దానికి తిండి లేకపోయినా, బాగుంది. భాగ్య ఇది మాకు తెలుగులో చెప్పింది. మా అత్త నా కుడి డొక్క వైపు చూసి, "లావుదానికా?" అంది.

"అవునవ్వా. లావుదానికే."

ఆ సాయంత్రం సూదితో పొట్టలోని నీరు తీశారు. సూది గుచ్చుకోవడం కంటే, బిడ్డకు తగులుతుందేమోనన్న భయం ఎక్కువ. భాగ్య నా చెయ్యి పట్టుకుని తమ ఊరి చింతచెట్ల కబుర్లు చెప్పింది. నీరు పోతుంటే ఛాతీ మీది నుంచి ఎవరో బండరాయి దించినట్టయింది. ఆ రాత్రి నేను వెల్లకిలా కాదు గానీ, పక్కకు తిరిగి, పడుకుని నిద్రపోయాను. నెలల తర్వాత పడుకుని నిద్రపోయాను. లేచేసరికి మా అమ్మ, మా అత్త నా మంచం కింద ఒకే దుప్పట్లో ముడుచుకుని ఉన్నారు.

ఆ తర్వాత పున్నమికీ, అమావాస్యకూ, మధ్యలో పిలిచినప్పుడల్లా బెంగుళూరే. అమావాస్యకు మగ్గాలకు సెలవు, మా ఆయన వచ్చేవాడు. అమావాస్యకు కడుపుతో ఉన్నదాన్ని గడప దాటించకూడదని మా అత్త ముందురోజు గొణిగింది. తెల్లారేసరికి ఆమే అందరికంటే ముందు చెప్పులు వేసుకుని నిలబడింది. ఒకసారి గుండె కొంచెం నయం అనేవాళ్లు, ఇంకోసారి అట్లే ఉంది అనేవాళ్లు. నయం అన్న రోజు రైల్లో రొట్టెలు మిగిలేవి కావు. అట్లే ఉంది అన్న రోజు మూట విప్పేవాళ్లే కారు.

*ఆశ్వయుజం*

దసరా దగ్గర పడింది. మా ఆయన మగ్గానికి పూజ చేసుకునే రోజులు. ఆ స్కానింగులో గుండె డాక్టరు యంత్రం పక్కన పెట్టి, గది లైటు వేశాడు. ఇదివరకు ఎప్పుడూ ఆయన లైటు వెయ్యలేదు.

పెద్దబిడ్డ గుండె చుట్టూ నీరు చేరింది. ఇక లోపల ఉంచడానికి లేదు. ఊపిరితిత్తులు బలపడటానికి ఈ రోజే సూదులు వేసి, ఎల్లుండి ఆపరేషన్ చేసి ఇద్దరినీ తీసేయాలి అన్నాడు.

భాగ్య చెప్పడం పూర్తి కాకముందే మా అత్త లేచి నిలబడింది.

"ఇప్పుడు ఎనిమిదో నెల. ఎనిమిదో నెల్లో తీసేదానికి లేదు."

"ఏంటికవ్వా?"

"ఏడో నెల్లో పుట్టినోళ్లు బతుకుతారు. తొమ్మిదిలో పుట్టినోళ్లు బతుకుతారు. ఎనిమిదిలో పుట్టినోళ్లు బతకరు. ఆ డాక్టరుకు వాళ్లమ్మ చెప్పలేదేమో, నేను చెప్తాండా. తీస్తే పోయిన నెల తీయాల్సింది. లేదంటే తొమ్మిది రానీ."

అప్పుడు నేను అమ్మ వైపు చూశాను, ఆమె అడ్డు చెబుతుందని. ప్రతిదానికీ అడ్డు చెప్పే మనిషి. ఆమె గోడకు ఆనుకుని, "వదిన చెప్పేది నిజమే" అంది.

బయట వరండాలో బెంచీ మీద అమ్మ పక్కన కూర్చున్నాను. నాకంటే ముందు ఒక మగబిడ్డ పుట్టి పోయాడని ఇతరుల నోట విన్నానే గానీ అమ్మ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు ఎత్తింది.

"ఎనిమిదిలోనే పుట్టినాడు మీ అన్న. ఏడ్వనే లేదు. నేను ఒళ్లో పెట్టుకుని సూర్యుడు నెత్తికెక్కేదాకా కూసున్న్యా. నువ్వు అట్ల కూసోవద్దు."

"వాడి గుండె ఎవరన్నా చూసినారా అమ్మా?"

"యాడ చూస్తారు. మంత్రసాని వచ్చింది, పోయింది."

ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మాట మీద నిలబడటం మా ఇంట్లో అదే మొదటిసారి. మా ఆయన ఒకసారి వాళ్లమ్మ ముఖం, ఒకసారి నా ముఖం చూశాడు. "నన్ను అడగద్దు. నాకు రెండు గుండెలకీ తేడానే తెలీలేదు" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నాకూ ఆ భయం లేదని కాదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట అది. కానీ ఇన్ని నెలలు ఆ తెర వైపు చూశాను కదా. అక్షరం రాకపోయినా ఆ గుండె ఏదో, ఆ గది ఏదో, తలుపులా తెరుచుకుని మూసుకునేది ఏదో నాకు పట్టుబడింది. లేచి లోపలికి పోయి భాగ్యతో, "ఇంకోసారి చూపించమను. వీళ్లిద్దరికీ చూపించమను" అన్నాను.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. బయట ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అయినా లైటు ఆర్పి, వియ్యపురాళ్లిద్దరినీ తెర ముందు నిలబెట్టాడు. మొదట చిన్నబిడ్డ గుండె చూపించాడు. చిటికెలు వేసినట్టు చురుగ్గా కొట్టుకుంటోంది. తర్వాత పెద్దబిడ్డది. ఉబ్బిపోయి, ముడుచుకోవడానికే తంటాలు పడుతోంది. చుట్టూ నల్లటి నీరు.

ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని దినాలూ నువ్వు చాలించు అని గదమాయించిన పక్క అదే.

నేను బల్ల మీద పడుకునే ఉండి, డాక్టరును అడిగాను, "ఎల్లుండి తీస్తే బతుకుతుందా సార్?"

భాగ్య అడిగింది. ఆయన ఇచ్చిన జవాబు మాకు చెప్పింది.

"తీస్తే ఏమవుతుందో చెప్పలేనంటాండారు. తీయకుంటే ఏమవుతుందో చెప్పగలనంటాండారు. పెద్దది లోపలే పోతే చిన్నదానికి కూడా ప్రమాదమంట."

"తీసేయమను" అన్నాను. "నెల ఏదైనా సరే. తీసేయమను."

అమ్మ నా పాదాలు పట్టుకుని నిలబడింది, వద్దనలేదు. మా అత్త మాత్రం కుడిచేతి బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం. అక్కడ ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పుడు తలెత్తింది.

"ఈ సంవత్సరం శ్రావణాలు రెండొచ్చినాయి గదా?"

"వచ్చినాయి" అంది మా అమ్మ.

"అధిక మాసం దేనికీ లెక్కలోకి రాదు. పెళ్లికి రాదు, గృహప్రవేశానికి రాదు. దీనికి మాత్రం ఎట్లొస్తాది? అది తీసేస్తే ఇప్పుడు ఏడో నెలే నడుస్తాండాది."

బిడ్డ పెరిగిన నెలను పంచాంగం ఎట్లా కొట్టేస్తుంది? అది నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు. అందరికంటే బాగా మా అత్తకు తెలుసు. మా అమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, "ఏడే వదినా. నేనే తప్పు లెక్క పెట్టినా" అంది.

భాగ్య ఇదంతా డాక్టరుకు ఎట్లా చెప్పిందో నాకు తెలియదు. ఆయన విని, మొదటిసారి మా ముందు నవ్వాడు. "ఏడే అంట. చాలా మంచి నెలంట. సూది ఇప్పుడే వేస్తారంట" అంది భాగ్య. నేను వేలిముద్ర వేశాను.

*దసరా, దీపావళి*

చిన్నబిడ్డ బయటికి వస్తూనే ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. పెద్దబిడ్డ పిల్లికూన మూలిగినట్టు ఒక్కసారి మూలిగింది. చిన్నది వాడిన తమలపాకులా పాలిపోయి ఉంది, పెద్దది ఎండుమిరపకాయలా ఎర్రగా ఉంది. ఒకే మాయలో ఉన్న ఇద్దరు, ఒకే ముఖం, ఒంటి రంగు మాత్రం ఇట్లా. ఇద్దరూ ఆడపిల్లలు.

మా అత్తకు ఆ మాట నేనే చెప్పాను. ఏమంటుందోనని చూశాను.

"బక్కోడా అని పిలిస్తే అన్ని దినాలు పలికింది. ఇప్పుడు బక్కదానా అంటా. దానికేం?" అంది.

చిన్నదానికి సుమ అని, పెద్దదానికి హేమ అని పేర్లు అనుకున్నాం. సుమ తొందరగానే నా ఒడిలోకి వచ్చింది. హేమ అద్దాల పెట్టెలోనే ఉండిపోయింది, నోట్లో గొట్టం, ఛాతీ మీద తీగలు. గుండె డాక్టరు అదే యంత్రాన్ని ఇప్పుడు ఆ చిన్న ఛాతీ మీద ఆనించి చూసేవాడు. బయట వరండాలో మాలాంటి వాళ్లే అందరూ. ఒకరి బిడ్డను గదిలోంచి ఇంటికి పంపితే మిగతావాళ్లు తమ బిడ్డే ఇంటికి వెళ్తున్నట్టు సంబరపడేవాళ్లు. ఇంకోలా గదిలోంచి బయటికి తెచ్చిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల గురించి నేను రాయను.

మా అమ్మ ఆ వరండాలో ఒక్క పూట కూడా నడుం వాల్చలేదు. అద్దంలోంచి హేమ వైపు చూస్తూ నిలబడేది. ఒక మధ్యాహ్నం గొట్టం తీశారు. అది ముఖం ముడిచి, బొంగురుగా, కోపంగా ఏడ్చింది. మా అమ్మ అద్దానికి నుదురు ఆనించి, "ఏడ్చినాది. ఇనినావా నాగరత్నా, ఏడ్చినాది" అని నా పేరు పెట్టి పదే పదే చెప్పింది. బిడ్డ ఏడిస్తే అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

దీపావళికి గుండె చుట్టూ నీరు పోయింది. నెత్తురు సరిపడినంతే వస్తోంది కాబట్టి గుండెకు ఇప్పుడు విశ్రాంతి, అది తనంతట తానే బాగుపడుతుంది అన్నాడు డాక్టరు. మేం రైలెక్కే రోజు భాగ్య స్టేషను దాకా వచ్చి, ఒక్కొక్క బిడ్డ చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పావని అడిగితే, "మా పల్లె దారి చెప్పినా అక్కా" అంది.

*2009*

అక్కడితో అయిపోలేదు. కవాటం కారుతూనే ఉంది, తగ్గుతూ తగ్గుతూ. ఏడాదికోసారి హేమను బెంగుళూరు తీసుకుపోవాలి. ఈ ఐదేళ్లూ మా ఇంట్లో ఎక్కువసార్లు పలికిన మాట "ఉరకద్దు". సుమ వీధిలో ఎగురుతుంటే హేమ అరుగు మీద కూర్చుని చూసేది. దాని పెదాలు ఏ రంగులో ఉన్నాయో చూడటానికి నిద్రలో కూడా లేచేదాన్ని. మా అత్త అయితే బడికి పోయి టీచర్లకు కూడా చెప్పొచ్చింది, ఈ పిల్లను ఆటలకు నిలబెట్టొద్దని. చలికాలంలో సుమకు దగ్గొస్తే మేం భయపడేది హేమ గురించి.

ఈ ఏడాది పోయినప్పుడు డాక్టరు ఎప్పటిలాగే తెర వైపు చూశాడు. జుట్టు బాగా నెరిసింది ఆయనకు. ఈసారి తెలుగులో, భాగ్య దగ్గరే నేర్చుకున్నాడేమో, తనే చెప్పాడు.

"గుండె బాగుంది. కవాటం మూసుకుంటోంది. ఇంక రావద్దు."

"ఉరికితే?" అన్నాను.

"ఉరకనీ. ఎక్కనీ. దూకనీ."

బయటికొచ్చి నేను ఏడ్చాను. మా ఆయన నా పక్కన నిలబడి పిల్లలకు బొరుగులు కొనిస్తూ, ఇచ్చిన చిల్లర తీసుకోకుండానే నడిచిపోయాడు. కొట్టతను వెనక నుంచి పిలవాల్సి వచ్చింది.

సుభాషిణీ, నీకు చెప్పాల్సింది ఇంతే. అందరి కథా ఇట్లా ముగుస్తుందని నేను చెప్పను, అద్దం అవతల నేను చూసినవి చూశాను. కానీ ఎవరైనా చూడటం వల్లనే మా హేమ ఉంది. పున్నమికి రమ్మంటే పున్నమికి పో. అమావాస్యకు రమ్మంటే అమావాస్యకు పో. ఎవరైనా నెల లెక్క చెబితే మా అత్త దగ్గరికి పంపించు, ఆమె సరిచేస్తుంది.

డాక్టరు ఇంక రావద్దన్న ఆ రోజు మేమూ మా అత్తా ధర్మవరం దాకా పోకుండా పెనుకొండలో దిగాం, అమ్మకు చెప్పాలని. మరుసటి పొద్దున పిల్లలు కొండెక్కుతామన్నారు. కోట కొండకు రాతి మెట్లు ఉన్నాయి, కొన్నిచోట్ల మెట్లు లేవు, బండలే. అందరం బయల్దేరాం. మొదటి మలుపు దగ్గరే హేమ నా చెయ్యి విడిపించుకుని ఉరికింది. సుమ దాని వెనకాల. నా నోరు తెరుచుకుంది. మా అత్త నా భుజం నొక్కింది.

"డాక్టరు ఏం చెప్పినాడు? నీకు చెవులు లేవా?"

నేను నోరు మూసుకున్నాను. హేమ గౌను బండల మధ్య ఎర్రగా కనిపించి, మాయమై, ఇంకా పైన మళ్లీ కనిపించింది. సుమ కంటే చాలా ముందు ఉంది. పై బురుజు మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, కిందికి అరిచింది.

"అవ్వా, రా. ఏం కూసున్నావు?"

మా అత్త బండ మీద చతికిలబడి రొప్పుతూ, కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కన మా అమ్మదీ అదే స్థితి.

"నా గుండెను ఏ డాక్టరూ చూసి సరేననలేదే తల్లీ" అని మా అత్త పైకి కేకేసింది. "నువ్వు పో. నేను మెల్లగా వస్తా."